అప్‌డేట్: ఇంటి పనిలో డీఎస్సీ చదువు, సడలిన నమ్మకం
పోయిన నెల అడిగాను కదా, పిల్లలు, వంట మధ్య డీఎస్సీకి (టీచర్ ఉద్యోగాల పరీక్ష) చదవలేకపోతున్నా, దేవుడి మీద నమ్మకం కూడా సడలుతోంది, ఏం చేయాలని. రోజూ ఒక మంచి విషయం రాసుకోమన్నారు. రాస్తున్నా. చూస్తే సగం పేజీలు మా అత్తమ్మవే! అడక్కుండానే సంగటి కెలికి, చెనిక్కాయల ఊరిబిండి నూరి, చిన్నదానికి జడేసి, "నువ్వు పోయి చదువుకోమ్మా" అంటుంది, ఇన్నాళ్లూ అది నాకు లెక్కలోకే రాలేదు.

పాసైతే కొండకు నడిచొస్తానని మొక్కుకున్నా గానీ ఆగలేక మొన్నే అందరం శ్రీవారి మెట్టు దారిలో 2388 మెట్లూ ఎక్కేశాం (అలిపిరి వైపు 3550, పిల్లలు మొండికేస్తారు). స్వామిని ఈసారి ఏమీ అడగలేదు.

టెన్షన్ తగ్గింది, చదువు సాగుతోంది. సైకాలజీలో పియాజే (పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో చెప్పినాయన) సిద్ధాంతం మాత్రం బుర్రకెక్కట్లేదు, మంచి నోట్స్ ఉంటే చెప్పండి.