అదే ఆల్బెండజోల్ మాత్ర: నాన్నగారికి నేతి భోజనంతో, పిల్లలకు ఏ నియమమూ లేకుండా ఎందుకు?

ప్రశ్న – సిక్కోలు టీచరమ్మ

నేను ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయినిని. ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న నులిపురుగుల నివారణ దినోత్సవాల్లో పిల్లల చేత 400 మిల్లీగ్రాముల ఆల్బెండజోల్ మాత్రను నమిలించి మింగించడం మాకు అలవాటైన పని. ఆ రోజు పిల్లలు తిన్నదానిలో నూనె ఎంత ఉందో మేము ఎన్నడూ అడగలేదు. ఇటీవల మా నాన్నగారికి మూర్ఛ వచ్చినప్పుడు స్కానింగ్ చేయిస్తే మెదడులో బద్దెపురుగు తిత్తులు ఉన్నట్లు తేలింది. వైద్యులు రాసిన మందుల్లో అదే ఆల్బెండజోల్ ఉన్నది గానీ, దానిని కొవ్వున్న భోజనంతోనే వేసుకోవాలని రెండుసార్లు చెప్పి పంపారు. కణాల చుట్టూ ఉండే పొర కొవ్వుతో తయారవుతుందని నేనే పిల్లలకు పాఠం చెబుతాను. అటువంటప్పుడు నీటిలో కరగని మందు ఆ కొవ్వు పొరలోంచి సులువుగా లోపలికి పోవాలి కదా, దానికి మళ్లీ నెయ్యి తోడు ఎందుకు? ఒకే మాత్రకు రెండు పద్ధతులు ఎందుకు?

జవాబు 1 – ఫార్మసీ అధ్యాపకుడు

మేడమ్, కణత్వచం కొవ్వుదేనన్న మీ మాట సరైనదే. అయితే మందు ఆ త్వచాన్ని తాకడానికి ముందు దాటవలసిన నీటిని మీరు లెక్కలోకి తీసుకోలేదు. మాత్ర ఎంత మెత్తగా నలిగినా, ఆ పొడి రేణువు పేగు గోడలోంచి దూరిపోదు. రేణువు నుంచి విడివడి, పేగులోని ద్రవంలో కరిగిన అణువు మాత్రమే గోడను దాటగలదు. పేగులోని ద్రవం ప్రధానంగా నీరు. ఆల్బెండజోల్ నీటిలో దాదాపు కరగదు కనుక, పరగడుపున వేసుకున్న మాత్రలో అధిక భాగం కరగకుండానే మలంతో వెళ్లిపోతుంది.

కొవ్వున్న భోజనం చేసినప్పుడు పిత్తాశయం ముడుచుకుని పైత్యరసాన్ని చిన్నపేగులోకి వదులుతుంది. పైత్యరసంలోని లవణాలు చేసే పని కుంకుడురసం చేసే పని వంటిదే. తలకు పట్టిన నూనె వట్టి నీళ్లతో వదలదు గానీ, కుంకుడురసం ఆ నూనెను కంటికి కనబడనంత చిన్న బిందువులుగా చుట్టి నీటిలో కలుపుతుంది. పైత్యలవణాలు కూడా జీర్ణమైన కొవ్వుతో కలిసి అటువంటి సూక్ష్మమైన గుంపులుగా ఏర్పడి, నీటికి లొంగని మందు అణువులను తమలో ఇముడ్చుకుని పేగు గోడ దాకా చేరుస్తాయి. కాబట్టి నెయ్యి మందును కరిగిస్తుందనడం సగమే నిజం, పైత్యరసాన్ని రప్పించడం దాని రెండో పని. సుమారు 40 గ్రాముల కొవ్వున్న భోజనంతో వేసుకున్నప్పుడు, పరగడుపుతో పోలిస్తే రక్తంలో మందు స్థాయి దాదాపు ఐదు రెట్ల వరకు పెరుగుతుంది. కచ్చితంగా చెప్పాలంటే ఇక్కడ కొలిచేది ఆల్బెండజోల్‌ను కాదు, కాలేయం దాని నుంచి తయారుచేసే సల్ఫాక్సైడ్‌ను. మెదడులోని తిత్తులపై పనిచేసేది కూడా అదే.

పిల్లల విషయం ఇందుకు తలకిందులు. ఏలికపాములు, కొంకిపురుగులు ఉండేది పేగులోనే. మందు రక్తంలోకి పోకుండా అక్కడే మిగిలిపోవడం వారికి లోపం కాదు, మేలు.

జవాబు 2 – మెడికల్ షాపు ఫార్మసిస్టు

పై జవాబు చదివినవారు ‘నీటిలో కరిగితే చాలు’ అని అర్థం చేసుకునే ప్రమాదం ఉన్నది కనుక రెండో వైపు కూడా చెబుతాను. ఒక మందుకు నూనె ఇష్టమో నీరు ఇష్టమో తెలుసుకోవడానికి, దానిని ఆక్టనాల్ అనే నూనె వంటి ద్రవం, నీరు కలిసిన సీసాలో వేసి కుదిపి, ఏ పొరలో ఎంత చేరిందో కొలుస్తారు. ఆ నిష్పత్తికి సంవర్గమానమే లాగ్ పి. అది సున్నా అయితే రెండు పొరల్లోనూ మందు సమానంగా ఉన్నట్లు, 3 అయితే ఆక్టనాల్‌లో వెయ్యి రెట్లు ఎక్కువ ఉన్నట్లు.

మా అల్మరాలో పక్కపక్కనే ఉండే ప్రొప్రనొలాల్, అటెనొలాల్ ఒకే కుటుంబానికి చెందిన బీపీ మందులు. మొదటిదాని లాగ్ పి సుమారు 3.5, రెండోదానిది సున్నాకు కాస్త పైన. ప్రొప్రనొలాల్ పేగు గోడను దాదాపు పూర్తిగా దాటుతుంది గానీ, అక్కడి నుంచి కాలేయానికి చేరగానే చాలా భాగం అక్కడే విరిగిపోయి, సుమారు నాలుగో వంతు మాత్రమే శరీరమంతటికీ అందుతుంది. అటెనొలాల్ నీటిలో హాయిగా కరుగుతుంది, అయినా కొవ్వు పొర దగ్గర ఆగిపోవడం వల్ల సగమే లోపలికి పోతుంది. అయితే లోపలికి పోయినదాని జోలికి కాలేయం పెద్దగా రాదు, మూత్రపిండాలే బయటకు పంపుతాయి. ప్రొప్రనొలాల్ మెదడులోకి కూడా తేలికగా చేరుతుంది కనుకనే కొందరికి పీడకలలు వస్తాయి. నూనె గుణం ఎక్కువ ఉన్న మందే మంచి మందు అని అనుకునేవారికి నేను ఈ జంటనే చూపిస్తాను.

సిక్కోలు టీచరమ్మ

ఇద్దరికీ ధన్యవాదాలు. పాఠంలో నేను వదిలేస్తున్నది ఏమిటో తెలిసింది. నాన్నగారు షుగరుకు మెట్‌ఫార్మిన్ కూడా వేసుకుంటారు. ఉదయం ఇడ్లీ తిన్నాక రెండు మాత్రలూ కలిపి మింగుతున్నారు. ఇకపై రెండింటినీ నెయ్యి వేసిన అన్నంతో ఇమ్మంటారా?

జవాబు 3 – మందుల తయారీ విభాగంలో పనిచేసేవాడిని

మెట్‌ఫార్మిన్‌కు నెయ్యి వల్ల ఒరిగేదేమీ లేదు. అది నీటిలో బాగా కరుగుతుంది. దాని అడ్డంకి కొవ్వు పొర. ఆ పొరను తనంతట తాను దాటలేక పేగు కణాల్లోని రవాణా ప్రోటీన్ల మీద ఆధారపడుతుంది కనుక, మింగినదానిలో 50 నుంచి 60 శాతమే రక్తానికి అందుతుంది. భోజనంతో వేసుకోమనేది కడుపులో వికారం, విరేచనాలు తగ్గడానికే. నిజానికి ఆహారం దాని శోషణను కొంచెం తగ్గిస్తుంది.

1995లో ఆమిడాన్, ఆయన సహచరులు ప్రతిపాదించిన వర్గీకరణ అడిగేవి సరిగ్గా ఈ రెండు ప్రశ్నలనే: మందు నీటిలో కరుగుతుందా, పేగు గోడను దాటుతుందా? ఆహారంలోని కొవ్వు మొదటి ప్రశ్న దగ్గర చిక్కుకున్న మందులకు ఎక్కువగా ఉపయోగపడుతుంది. అందులోనూ తయారీని బట్టి నియమం మారుతుంది. తామరకు ఇచ్చే ఇట్రాకొనజోల్‌నే తీసుకోండి. క్యాప్సూల్ అయితే భోజనం చేసిన వెంటనే, ద్రవరూపంలో అయితే పరగడుపున తీసుకోవాలి. ద్రవంలో సైక్లోడెక్స్‌ట్రిన్ అనే ఉంగరం ఆకారపు చక్కెర అణువులు మందును ముందే కరిగించి ఉంచుతాయి, ఇక దానికి భోజనం సాయం అక్కరలేదు. క్యాప్సూల్‌కు కడుపులోని ఆమ్లం కూడా అవసరం కనుక, గ్యాస్ మాత్రతో కలిపి వేసుకుంటే అది సరిగా కరగదు.

ఇక ఇడ్లీ. అందులో కొవ్వు లేనట్లే. అలాగని 40 గ్రాముల లెక్కను పట్టుకుంటే దాదాపు తొమ్మిది చిన్న చెంచాల నెయ్యి అవుతుంది. షుగరున్న పెద్దాయనకు అంత పోయమని ఎవరూ చెప్పరు. గ్లాసుడు గేదెపాలు, గుడ్డు, వేరుశనగ చట్నీ, కూరలోని నూనె అన్నీ కొవ్వు కిందికే వస్తాయి. ఆల్బెండజోల్‌ను ఇడ్లీ పూట నుంచి అటువంటి భోజనానికి మార్చవచ్చా, కొవ్వు ఎంతవరకు ఉండవచ్చు అని వైద్యుణ్ణి అడగండి. తిత్తులు చచ్చేటప్పుడు మెదడులో వాపు రాకుండా స్టెరాయిడ్ కూడా ఇచ్చి ఉంటారు. అది రక్తంలో చక్కెరను పెంచుతుంది కనుక, ఈ మందులు వాడినన్నాళ్లూ షుగరు ఎన్ని రోజులకొకసారి చూడాలో కూడా అదే రోజు అడిగి రాసుకోండి.