“వేగపడక...” తర్వాత విచారింపదగునా, వివరింపదగునా?

తొలకరి: సుమతీ శతకంలోని “వినదగు నెవ్వరు చెప్పిన” పద్యం రెండో పాదం నా నోట ఎప్పుడూ “వేగపడక విచారింపదగున్” అనే వస్తుంది. అచ్చులో “వివరింపదగున్” ఉంది. చర్చామర్యాద మీద రాస్తున్నదానికి ఈ పద్యం ఎత్తుకుందామని. ఏది పాఠం? “వివరింప” అయితే, విన్నవాడు వివరించడమేమిటి?

యతిప్రాస: “విచారింప” కందంలో ఇమడదండి. వినినం / తనె వే / గపడక / వివరిం / పదగున్. ఐదు గణాలు, ఒక్కోటి నాలుగు మాత్రలు (లఘువుకు ఒకటి, గురువుకు రెండు). నాలుగో గణం “వి”తో మొదలై, పాదం మొదటి అక్షరం “వి”తో యతి కుదిరింది. “విచారిం” అంటే ఒక లఘువు, రెండు గురువులు, ఐదు మాత్రలు. పాఠం తేలింది, ఇక అర్థమే.

పాతతాటాకు: అర్థంలోనూ చిక్కు లేదు. వివరణ అంటే మూసినదాన్ని తెరవడం. విన్నమాటను విప్పి చూడమంటున్నాడు. మూడో పాదం “కని కల్ల నిజము దెలిసిన” అదే చెబుతోంది. విని, కని! చెవిన పడ్డదాన్ని మూలంలో కళ్లారా చూసుకునేదాకా ఆగమని.

యతిప్రాస: “కని” మీద అంత బరువు పెట్టకండి, అక్కడ ప్రాసకు, అంటే ప్రతి పాదం రెండో అక్షరంగా, “న” కావాలి.

పాతతాటాకు: “న” ప్రాసకు తన, మన, ఘన అన్నీ ఉన్నాయి కదా. “కని” అని ఏరుకున్నాడు.

ద్రుతం: నేను ఒప్పుకోను. వివరించడమంటే విడమరిచి చెప్పడమే. విన్న వెంటనే ఎగబడి బదులివ్వకు, నిదానంగా విడమరుచు అని. ఎదుటివారి వాక్యం ఉన్నదున్నట్టు ఎత్తిరాసి, ఏ మాట దగ్గర అభ్యంతరమో చూపి, ఆ తర్వాత కారణం చెప్పాలి. మన మాటల్లోకి కుదించి ఖండిస్తే “నేనలా అనలేదే” అంటారు, ఇక వాదమంతా ఎవరేమన్నారన్నదాని మీదే నడుస్తుంది. అన్నట్టు “చెప్పిన” విశేషణం కాదు, “చెప్పినన్”. ఇప్పటి “చెప్పినా”. ఆ చివరి “న”లోనే మర్యాదంతా ఉంది: చెప్పేది ఎవరైనా సరే.

మాత్ర: ఇదే శతకంలో “ఎప్పటికెయ్యది ప్రస్తుత” మరిచారేం? “ప్రస్తుతం” అంటే “ఇప్పుడు” అని చదివేస్తున్నారు, కాదు. ఎత్తుకున్న విషయం. “అప్రస్తుత ప్రసంగం”లో మిగిలింది ఆ అర్థమే. చర్చకు అంతకన్నా సూటి పద్యం లేదు.

పాతతాటాకు: ఉంది, తిక్కనది. “ఒరులేయవి యొనరించిన నరవర యప్రియము తన మనంబునకగు దానొరులకు నవి సేయకునికి...” ఇతరులు చేస్తే మన మనసుకు నొచ్చేది మనం వాళ్లకు చేయకుండా ఉండటమని. పంపేముందు మన జవాబును మనకే ఎవరో రాసినట్టు ఒకసారి చదువుకుంటే ఆ పద్యం ఆచరణలో పెట్టినట్టే. ఆ “సేయకునికి” చూడండి! చేయకపోవడం కాదు, చేయకుండా ఉండటం. ఉనికి! తిక్కన తప్ప ఎవరు వేస్తారు ఆ మాట?

తొలకరి: ధన్యవాదాలండీ. మరి “వివరింప” అంటే పరిశీలించడమా, చెప్పడమా?

యతిప్రాస: దానికన్నా “దగున్” చూడండి. “వినవలె నెవ్వరు”, “వివరింపవలెన్” రెండూ గణాలకు చక్కగా సరిపోతాయి. అయినా రెండుచోట్లా “తగు” అన్నాడు.

ద్రుతం: “తగు” అంటే ఇక్కడ “వలయు” అనే కదా?

యతిప్రాస: కాదు. “తగు”లో ఔచిత్యం ఉంది, ఆజ్ఞ లేదు. “వినదగు”ను “వినాలి” అని రాసేస్తున్న తాత్పర్యాలన్నీ అక్కడే జారుతున్నాయి.