ట్రంపెట్: రోజూ లాంగ్ టోన్లు ఊదుతున్నా పై జి నొక్కితేనే పలుకుతోంది, ఏం చెయ్యాలి?

రెండో_ట్రంపెట్_సికింద్రాబాద్

అన్నలందరికీ నమస్తే. పెళ్లి బ్యాండ్‌లో రెండో ట్రంపెట్ నాది. బీ ఫ్లాట్ ట్రంపెట్, 7సి సైజు మౌత్‌పీస్. నాలుగు నెలలుగా పొద్దున్నే అరగంట ఆపకుండా లాంగ్ టోన్లు (ఒక్కో స్వరాన్ని చాలాసేపు పట్టి ఉంచడం) ఊదుతున్నా. స్టాఫ్‌లోని (స్వరాలు రాసే ఐదు గీతల్లోని) సి వరకు బాగుంది. స్టాఫ్ పైన ఆనుకుని ఉండే జి మాత్రం గట్టిగా నొక్కితేనే పలుకుతోంది. బరాత్ ముప్పావు గంట దాటితే దాని కిందున్న ఇ దగ్గర కూడా గాలే వస్తోంది. పై పెదవి మీద ఎర్రటి గుండ్రటి అచ్చు గంట దాకా పోదు. ఇంకా ఎక్కువసేపు ఊదాలా, లేక పద్ధతే తప్పా? ఆషాఢంలో ముహూర్తాలు లేవు కాబట్టి నెల రోజులు టైముంది.

శ్రుతిపెట్టె

తమ్మీ, టైము పెంచొద్దు. ఆ ఎర్రటి అచ్చు దగ్గరే ఉంది సమస్య. అరగంట ఆపకుండా ఊదితే కొన్ని నిమిషాలకే పెదవి అలిసిపోయి, చెయ్యి ట్రంపెట్‌ని పళ్ల మీదికి నొక్కడం మొదలుపెడుతుంది. నొక్కిన చోట రక్తం ఆడదు, కండ తేరుకోదు, పెదవి అదరడం తగ్గుతుంది, దాంతో ఇంకా నొక్కుతాం. రోజూ ఇదే జరిగితే నొక్కుడే అలవాటవుతుంది.

ఇట్లా చేసి చూడు. మెట్రోనోమ్ (లెక్క కొట్టే యంత్రం) 60లో, అంటే సెకనుకో లెక్కలో పెట్టు. ‘మ్’ అన్నట్టు పెదాలు కలిపి మూతి మూలలు బిగించు, మధ్యభాగం మెత్తగా వదిలెయ్. నవ్వినట్టు మూలలు వెనక్కి లాగితే పెదవి పలచబడి రిమ్ (మౌత్‌పీస్ అంచు) కింద నలుగుతుంది. 4 లెక్కలు గాలి పీల్చి, లోపల బిగబట్టకుండా వెంటనే రెండో గీత మీది జి అందుకో. 12 లెక్కలు, పక్కన పసిపిల్ల నిద్రపోతోంది అన్నంత మెల్లగా. తర్వాత 12 లెక్కలు విశ్రాంతి, అది కూడా మౌత్‌పీస్ పెదాల మీంచి పూర్తిగా తీసేసి. ఈ విశ్రాంతిలోనే పెదవికి రక్తం తిరిగొస్తుంది, దీన్ని ఎగ్గొట్టొద్దు.

జి నుంచి 2, 1, 1-2, 2-3, 1-3, 1-2-3 వాల్వ్‌ల (వేళ్లతో నొక్కే బటన్ల) వరసలో అరస్వరం చొప్పున దిగి, కింది సి ఓపెన్‌లో (ఏ వాల్వూ నొక్కకుండా) పట్టు. మళ్లీ జి పక్క నుంచి పైకి 2-3, 1-2, 1, 2, ఓపెన్. అక్కడికి స్టాఫ్‌లోని సి వస్తుంది. మొత్తం 13 స్వరాలు, ఆరు నిమిషాల పని. 1-3, 1-2-3 పట్టినప్పుడు శ్రుతి పైకి పోతుంది కాబట్టి మూడో స్లైడ్ (మూడో వాల్వ్‌కి ఉన్న జారే గొట్టం) బయటికి తొయ్యాలి. దాన్ని పెదవితో దించబోతే స్వరం పట్టు తప్పుతుంది.

ప్రతి స్వరం చివరి 4 లెక్కలు జాగ్రత్తగా విను. మెల్లమెల్లగా తగ్గిస్తూ పోతే పెదాల మధ్య సందు కూడా సన్నబడుతూ రావాలి. స్వరం ముందే ఆగిపోయి వెనకాల ‘ఫుస్’ అని గాలి మిగిలిందంటే, గాలి తగ్గించావు కానీ సందు తగ్గలేదు. పై జికి కావలసింది ఆ సన్నటి సందే. ఇంకోటి, కుడి చిటికెన వేలు కొక్కెంలో పెట్టకు, పైన ఆనించు. కొక్కెం దొరికితే చెయ్యి తెలియకుండానే లాగుతుంది.

ఏడు_పొజిషన్లు

అన్న చెప్పిందంతా కరెక్టే, కానీ లాంగ్ టోన్లతోనే పై జి రాదు. అవి స్వరాన్ని నిలబెట్టడం నేర్పుతాయి, స్వరం నుంచి స్వరానికి ఎక్కడం నేర్పవు. దానికి లిప్ స్లర్లు కావాలి. వాల్వ్ నొక్కకుండా కింది సి, జి, స్టాఫ్ సి, జి, కింది సి అని ఒకే ఊపిరిలో ఊదు, మధ్యలో నాలుక కొట్టకు. ‘ఆ’ నుంచి ‘ఈ’కి మారినట్టు నాలుక వెనక భాగం లేవాలి, అప్పుడు గాలి వేగం పెరుగుతుంది. అదే వాల్వ్‌ల వరసలో ఏడు పొజిషన్లలోనూ చెయ్యి. రెండు వారాలు సాఫీగా సాగాక ఇ, ఆ తర్వాతే పై జి. మెల్లగా నిలబడని స్వరాన్ని గట్టిగా అందుకోబోతే మళ్లీ నొక్కుడులోకే వెళ్తావు.

ఒకరోజు గట్టి సాధన, మర్నాడు తేలిక. ఆదివారం బోనాల బుకింగ్ ఉంటే సోమవారం మెల్లటి కింది స్వరాలే.

రెండో_ట్రంపెట్_సికింద్రాబాద్

శుక్రియా అన్నా. తంబురా యాప్‌లో ఏ శ్రుతి పెట్టాలి? అపార్ట్‌మెంట్‌లో ఉంటా, ప్రాక్టీస్ మ్యూట్ (మోత తగ్గించే బిరడా) పెట్టి ఊదొచ్చా?

శ్రుతిపెట్టె

బీ ఫ్లాట్ ట్రంపెట్‌లో జి ఊదితే వినపడేది ఎఫ్, అంటే నాలుగు శ్రుతి. అదే షడ్జం పెట్టు. అప్పుడు నీ కింది డి పంచమం, కింది సి శుద్ధ మధ్యమం. డి దగ్గర తంబురా పంచమంతో కలిసి అలలు లేకుండా నిలిచిందంటే మూడో స్లైడ్ సరిగ్గా ఉన్నట్టే.

మ్యూట్ తప్పదంటే వాడు, కానీ లాంగ్ టోన్లన్నీ దాంతోనే వద్దు. అది గాలిని అడ్డుకుంటుంది, వెనక్కి తోస్తుంది. చాలా మ్యూట్‌లు శ్రుతినీ పెంచుతాయి. పార్కుకో నెక్లెస్ రోడ్డుకో పోతే గోడకు ఎదురుగా, ఒక మీటరు దూరంలో నిలబడు. ఖాళీ జాగాలో మన మోత మనకు తిరిగి రాదు, తెలియకుండా బలం పెడతాం. బరాత్‌లో డీజే పక్కన పెదవి అలిసేదీ అందుకే. పాట పాటకీ మొదటి ట్రంపెట్, నువ్వు మార్చుకుంటూ ఊదండి.

కార్కు_లీకు

పెదవిని అనుమానించే ముందు బాజాని చూడండి. గాలి లీకైతే ఎంత సాధన చేసినా నొక్కాల్సే వస్తుంది. మూడో స్లైడ్‌కి గ్రీజు ఉందో లేదో చూసి, వాల్వ్ నొక్కకుండా స్లైడ్‌ని కొంచెం బయటికి లాగి, అప్పుడు వాల్వ్ నొక్కు. ‘టప్’ అనాలి. అనకపోతే పిస్టన్ అరిగి ఉండొచ్చు, లేదా స్లైడ్ వదులు. తర్వాత జి పట్టుకుని, నీళ్లు వదిలే మీట మీద వేలితో గట్టిగా అదుము. స్వరం బాగుపడితే దాని కార్కు అరిగినట్టు, అది మార్పించు. పై స్వరాల కోసం లోతు తక్కువ మౌత్‌పీస్ ఇప్పుడే కొనకు. పెదవి వాచినప్పుడు కప్పు అడుగుకి తగిలి అదురు ఆగిపోతుంది.

బరాత్ అయ్యాక 3 నిమిషాలు కింది సి, కింది జి మెల్లగా ఊది పెట్టెలో పెట్టు. పెదవి మొద్దుబారితే ఆ రోజుకి ఆపెయ్. నొప్పి, బలహీనత నాలుగైదు రోజులైనా తగ్గకపోతే డాక్టర్‌కి చూపించు.