ఐదో నెలలో ఫ్లూ టీకా వేయించాలా, వద్దా?

గోదారిగట్టు: మా చెల్లికి ఐదో నెల. డాక్టరమ్మ ఫ్లూ టీకా రాశారు. అమ్మేమో "కడుపుతో ఉన్న పిల్లకు లేనిపోని సూదులెందుకు, వస్తే పడిశమేగా" అంటోంది. మీ ఇళ్లలో ఏం చేశారు?

పాతమెకానిక్: మా ఇంట్లో ఎవరికీ వేయించలేదు. అంత ముఖ్యమైతే పీహెచ్‌సీలో ధనుర్వాతం రాకుండా వేసే టీడీ సూదితో పాటు ఉచితంగా ఇచ్చేవారుగా?

వార్డునర్స్: పడిశం వేరు, ఫ్లూ వేరు అండీ. నెలలు పెరిగేకొద్దీ గర్భసంచి పైకి నెట్టడంతో ఊపిరితిత్తులకు చోటు తగ్గుతుంది. అదే సమయంలో ఒంటికి ఆక్సిజన్ ఎక్కువ కావాలి. అప్పుడు నిమ్ము చేస్తే తట్టుకోవడం కష్టం. 2009 స్వైన్ ఫ్లూలో అమెరికా జనాభాలో గర్భిణులు ఒక శాతమే, చనిపోయినవారిలో మాత్రం దాదాపు 5 శాతం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లోనే టీకాలో వీళ్లకు మొదటి ప్రాధాన్యం ఇమ్మంది. సూదిలో ఇచ్చేది చంపేసిన వైరస్, దాంతో ఫ్లూ రాదు. ఇంకోటి, బిడ్డకు ఆరు నెలలు నిండేదాకా ఫ్లూ టీకా వేయరు. అప్పటిదాకా తల్లి నుంచి వచ్చిన రక్షణే దిక్కు.

పాతమెకానిక్: అమెరికా లెక్కలు నాకెందుకు? పీహెచ్‌సీలో ఎందుకు లేదో చెప్పండి.

లక్ష్మీపురం: మిరియాల పాలు, ఆవిరి చాలు.

వార్డునర్స్: జాతీయ టీకాల జాబితాలో పెట్టలేదు కాబట్టి లేదు. పెట్టాలనే నేనూ అంటాను. లేదంటే అవసరం లేదని అర్థం కాదు.

పాతమెకానిక్: జాబితా మాట నాకు చెప్పకండి. 2021 జనవరిలో కోవిడ్ టీకాలు మొదలుపెట్టి గర్భిణులకు వద్దన్నారు. జూలైలో వేసుకోమన్నారు. ఈ మధ్యలో మా మరదలు ఏడో నెలతో సెంటర్‌కు వెళ్తే వెనక్కి పంపారు. మే నెలలో తల్లీ బిడ్డా ఇద్దరూ పోయారు. రేపు ఈ మాటా మార్చరని ఏంటి నమ్మకం?

వార్డునర్స్: ఆ కోపం న్యాయమైనదే. కోవిడ్ టీకాను మొదట మనుషులపై పరీక్షించినప్పుడు గర్భిణులను చేర్చకుండా వదిలేశారు, అందుకే చెప్పడానికి వివరాలు లేకపోయాయి. కానీ అన్నా, మీ మరదలికి జరిగింది టీకా అందకపోవడం వల్ల వచ్చిన నష్టం. దాన్ని చూపించి ఈ అమ్మాయికి వద్దంటారా?

పాతమెకానిక్: మా ఇంటి చావు గురించి మీరు నాకు పాఠం చెప్పకండి.

సిరి_ఖమ్మం: ఇద్దరూ టీకా దగ్గరే ఆగిపోయారు. నాకు ఎనిమిదో నెలలో కోవిడ్. ఆయాసం వస్తోందంటే అత్తగారు "కడుపుతో ఉంటే మామూలే" అన్నారు, మా ఆయన సరే అన్నారు. నన్ను ఆస్పత్రికి తీసుకెళ్లేసరికి ఆలస్యమైంది. నెలలు నిండకుండానే కాన్పు, బిడ్డ ఎన్ఐసీయూలో. ఊపిరి నాది, నిర్ణయం వాళ్లది.

లక్ష్మీపురం: పెద్దవాళ్లు చెడు కోరరమ్మా.

సిరి_ఖమ్మం: కోరరు. కానీ నన్నెవరూ అడగలేదు పిన్నీ.

వార్డునర్స్: వార్డులో నేను రోజూ చూసేది ఇదే. మెట్లెక్కితే ఆయాసం వేరు. కూర్చున్నా ఊపిరాడకపోయినా, ఛాతీ నొప్పి ఉన్నా, బిడ్డ కదలిక తగ్గినా ఇంట్లో ఆగకండి, 108కి ఫోన్ చేయండి. ఫ్లూ అని అనుమానం వస్తే ఒసెల్టామివిర్ మందు మొదటి రెండు రోజుల్లోనే మొదలైతే బాగా పనిచేస్తుంది. టెస్ట్ రిపోర్ట్ కోసం ఆగక్కర్లేదు, డాక్టర్ ముందే మొదలుపెట్టొచ్చు.

పాతమెకానిక్: సిరీ, మా మరదలికీ ఇదే మాట చెప్పారమ్మా, ఆయాసం మామూలే అని.

గోదారిగట్టు: చెల్లికి ఫోన్ చేశాను. వేయించుకుంటానంది. అమ్మతో తనే మాట్లాడుతుందట.