పరీక్షకు అందని విషయాన్ని నమ్మడం అహేతుకమా?

ప్రశ్న:

మా నాన్నగారి ఆబ్దికం నాడు, గోడ మీద పెట్టిన పిండాన్ని కాకి వచ్చి ముట్టేదాకా మా అమ్మ పచ్చి మంచినీళ్లయినా తాగదు. ఆవిడ కోసమే ఆ క్రతువు చేసే మా అన్నయ్య భౌతికశాస్త్రం బోధిస్తాడు. పితృలోకం ఉందని గానీ లేదని గానీ ఏ ప్రయోగమూ తేల్చలేదు కాబట్టి, దానిని నమ్మడమే అహేతుకమని అతని వాదన. పరలోకం సంగతి నాకు తెలియదు. అయితే మిగిలిన అన్ని విషయాలలోనూ ఆచితూచి వ్యవహరించే మనిషి ఈ ఒక్క విషయంలో బుద్ధిని పక్కన పెట్టిందనడానికి నాకు మనసొప్పడం లేదు. పరీక్షించలేమన్న ఒక్క కారణం చాలునా?

సమాధానం 1:

మీ అన్నగారి మాట కొత్తది కాదు. చనిపోయినవాడు ఏం తింటాడు, ఒకరు తిన్నది మరొకరి ఒంటికి పట్టేటట్లయితే ప్రయాణమై వెళ్లేవారికి ఇంట్లోనే శ్రాద్ధం పెడితే సరిపోదా అని అయోధ్యాకాండలో జాబాలి రాముడిని అడుగుతాడు. నా అభ్యంతరం మాత్రం ప్రధానంగా కాకి విషయంలో. కాకి వెంటనే వస్తే పెద్దాయన తృప్తి పడ్డారంటాము. రాకపోతే ఏదో కోరిక మిగిలిపోయిందని, చిన్నదాని పెళ్లి మేము చూసుకుంటామని చేతులు జోడించి మాట ఇస్తాము. ఏం జరిగినా నమ్మకానికి బలమే చేకూరుతుంది. ఏది జరిగితే తాను తప్పవుతుందో ముందే చెప్పగలగాలన్నది శాస్త్రానికి తత్వవేత్త కార్ల్ పాపర్ పెట్టిన గీటురాయి. ఈ నమ్మకం దానికి నిలవదు.

సమాధానం 2:

పాపర్ ఆ గీటురాయిని శాస్త్రాన్ని మిగతా వాటి నుంచి వేరుచేయడానికి పెట్టాడే తప్ప, మిగిలినదంతా అర్థరహితమని అనలేదు. పరమాణువాదం శతాబ్దాల పాటు పరీక్షకు అందని ఊహగానే ఉండి, తరువాతే శాస్త్రమైంది. "ఎన్నటికీ తెలియదు" అనడంలోనూ తొందరపాటు ఉంది. నక్షత్రాలు ఏ పదార్థాలతో తయారయ్యాయో మనిషి ఎప్పటికీ తెలుసుకోలేడని 1835లో ఫ్రెంచి తత్వవేత్త ఆగస్ట్ కామ్టే రాశాడు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం వేళ ఫ్రెంచి ఖగోళశాస్త్రవేత్త పియరీ జాన్సెన్ మన గుంటూరులోనే, కాంతిని రంగులుగా విడదీసి చూపే వర్ణపటదర్శినిని సూర్యుడికి గురిపెట్టి, అంచున ఎగసే జ్వాలలలో ఉన్నది ప్రధానంగా హైడ్రోజన్ అని గుర్తించాడు.

అసలు చిక్కు మరొకచోట ఉంది. "పరీక్షించగలిగిన దానినే నమ్మాలి" అన్న నియమాన్ని ఏ ప్రయోగశాలలో పరీక్షిస్తాము? నిన్న కాల్చిన నిప్పు రేపూ కాలుస్తుందన్న నమ్మకం ప్రతి ప్రయోగానికీ పునాది. దానిని ప్రయోగంతో నిరూపించబోతే, నిరూపించవలసిన దానినే ముందుగా ఒప్పుకున్నట్లవుతుందని 18వ శతాబ్దంలో తత్వవేత్త హ్యూమ్ చూపించాడు. అంతకు చాలా ముందే, ప్రత్యక్షంగా కనిపించినదే నమ్మాలనే చార్వాకులు, పొగ ఉన్నచోటల్లా నిప్పు ఉంటుందన్న వ్యాప్తిని (ఎల్లప్పుడూ ఉండే సంబంధాన్ని) ఎవరూ పూర్తిగా చూడలేరు కాబట్టి అనుమాన ప్రమాణాన్నే (కనిపించినదాన్ని బట్టి కనిపించనిదాన్ని తెలుసుకునే మార్గాన్నే) కాదన్నారు. దానికి న్యాయదర్శన పండితుడు ఉదయనాచార్యుడు ఇచ్చిన జవాబు నాకు ఇప్పటికీ గొప్పగా తోస్తుంది: సందేహానికి హద్దు వ్యాఘాతం, అంటే మన మాటకు మన చేతే అడ్డుపడడం. పొగ కావలసి వచ్చినప్పుడు నిప్పు రాజేసేవాడు, పొగకు నిప్పు కారణమా అని నోటితో సందేహించినా చేతితో సందేహించడం లేదు.

ఇక 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రాన్ని స్థాపించిన గోరా అస్పృశ్యత మీద జీవితాంతం పోరాడారు. దేవుడిని కాదన్న ఆయన మనుషులందరూ సమానులని ఏ కొలత చూసి నమ్మారు? ఆ నమ్మకాన్ని కూడా మీ అన్నగారు అహేతుకమంటారా?

సమాధానం 3:

నేను ప్రసూతి ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. పరీక్షకు అందనివన్న పేరుతో చలామణి అయ్యే నమ్మకాలలో చాలా భాగం నిజానికి పరీక్షకు అందేవే. గ్రహణం పట్టినప్పుడు కూరగాయలు తరిగితే బిడ్డకు మొర్రి వస్తుందని, ఎనిమిదో నెల గర్భిణిని తిండీ నీళ్లూ లేకుండా చీకటి గదిలో కదలనీయకుండా పడుకోబెడతారు. బిడ్డ పై పెదవి గర్భంలో నాలుగు నుంచి ఏడు వారాల మధ్యనే కలుసుకుంటుంది; ఎనిమిదో నెల గ్రహణం దానిని చీల్చలేదు. ఈ మాట చెబితే, మొర్రి రాకపోయినా దోషం మరో రూపంలో ఎప్పుడో బయటపడుతుందంటారు. అంటే ఆ నమ్మకం మొదటి నుంచీ పరీక్షకు అతీతమైనది కాదు. తప్పని తేలబోయే క్షణంలో పక్కకు తప్పుకుంది. నేను అహేతుకమనేది అలా తప్పుకోవడాన్నే. ఎవరి ఒంటికీ కీడు చేయని నమ్మకంతో నాకు పేచీ లేదు.

సమాధానం 1 రాసినవారు:

ఉదయనుడి వాదం బలమైనదే, కానీ అది పితృలోకానికి ఊతమివ్వదు. నిప్పు కాలుస్తుందని నమ్మనివాడు ఒక్కపూట కూడా వండుకు తినలేడు. పరలోకాన్ని నమ్మనివాడు నిక్షేపంగా బతుకుతున్నాడు. సమానత్వం మనం ఎలా మెలగాలో చెబుతుంది. పితృలోకం ఉందనడం మాత్రం ఫలానాది ఉన్నదని చెప్పడమే కాబట్టి, ఆధారం చూపే బాధ్యత నమ్మేవారిదే.

ప్రశ్న అడిగినవారు:

ఆధారం అడగడం న్యాయమే. నైయాయికులు, అంటే న్యాయదర్శనం వారు, ఆప్తవాక్యాన్ని (నమ్మదగినవారి మాటను) కూడా ప్రమాణంగా లెక్కిస్తారు, మా అమ్మకు తన పెద్దల మాటే ఆధారం. అయితే ఆప్తుడంటే చెబుతున్న విషయం స్వయంగా ఎరిగినవాడై ఉండాలి కదా. పితృలోకం విషయంలో అలాంటివారు ఎవరు? తర్కం చదివినవారు దీని గురించి వివరంగా రాయవలసిందిగా కోరుతున్నాను.