ఈ వారం సమస్య: కరగి గట్టిపడెను కాచినంత

గోదారి గట్టు (నిర్వహణ):
అందరికీ నమస్కారం అండి. ఇచ్చిన పాదం కుదిరేలా మిగతా పాదాలు పూరించడమే సమస్య. ఈసారి నాలుగు పాదాల ఆటవెలది పద్యం, ఇచ్చింది నాలుగో పాదం:

*కరగి గట్టిపడెను కాచినంత*

కాస్తే కరగాలి గానీ గట్టిపడటమేంటి అన్నదే చిక్కు. వస్తువు మాత్రం సరదాది. పుట్టినరోజు కేకు మిగిలిపోతే దాన్ని చిదిమి, ఉండలు చుట్టి, చాక్లెట్‌లో ముంచి తీసే ట్రఫుల్స్. తెలియనివాళ్లకి ఒక్క ముక్కలో చెప్తాను: పావుకిలో కేకు పొడిలో రెండు మూడు చెంచాల మిల్క్‌మెయిడ్ వేసి, పిడికిట పడితే ముద్ద నిలిచేలా కలిపి, చిన్న నిమ్మకాయంత ఉండలు చేసి పావుగంట ఫ్రీజర్‌లో పెట్టి, కరిగించిన డార్క్ కాంపౌండ్ చాక్లెట్‌లో ఫోర్కుతో ముంచి బటర్ పేపర్ మీద దించడమే. పూర్ణం ఉండని బూరెల పిండిలో ముంచడం వచ్చిన చేతికి ఇది కొత్తేం కాదు.

నియమం ఒకటే. గణాలు (లఘువు, గురువు అనే పొట్టి, పొడుగు అక్షరాల గుంపులు), యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో ఒక అక్షరం జత కుదరడం) ఎలాగూ చూస్తాం. దాంతోపాటు పద్యంలో చెప్పింది వంటింట్లో చేస్తే పనిచేయాలి. పనిచేయకపోతే యతి ఎంత బాగున్నా మార్కులు పడవు.

రాజోలు రవ్వలడ్డు:
మొదటి బోణీ నాదే.

*చాకొలేటు గిన్నె సన్నని సెగమీద*
*పెట్టి మూత వేయ బిందువొకటి*
*జారిపడియె లోన, చక్కగ నంతయు*
*కరగి గట్టిపడెను కాచినంత*

పాలకొల్లు పంతులు:
ఆయ్, బోణీ బాగుంది. సమస్యలోని విరోధాన్ని అసలైన కారణంతోనే విడగొట్టారు. కరిగిన చాక్లెట్‌లో ఒక్క నీటిచుక్క పడితే చాలు, అందులోని పంచదార, కోకో పొడి ఆ తడిని పట్టుకుని ఒకదానికొకటి అంటుకుపోయి మొత్తం బరక ముద్ద అయిపోతుంది. ఇంకా నీళ్లు పడితే పలచబడాలి కదా అని మనకి అనిపిస్తుంది, కానీ చుక్క పడితే గట్టిపడుతుంది. సమస్యకి ఇంతకంటే సరైన పూరణ దొరకదు.

కానీ మూడో పాదంలో "చక్కగ నంతయు" పూర్తిగా ఊకే. గణాలు నింపడానికి తెచ్చి పడేశారు. పైగా చుక్క పడ్డాక చక్కగా ఏముంటుందండీ, గిన్నె చూస్తే ఏడుపొస్తుంది.

రాజోలు రవ్వలడ్డు:
మరి ఏం పెట్టమంటారు మాస్టారూ? జా కి యతి కుదరాలి కదా.

పాలకొల్లు పంతులు:
"జారిపడియె లోన, చటుకున పాకమే" అని చూడండి. చటుకున నాలుగు లఘువులు, నలము. పాకమే రగణం. రెండూ ఈ పాదం చివర రావలసిన ఇంద్రగణాలే, జా–చ యతి. అదీగాక ఈ గట్టిపడటం నిజంగా చటుక్కునే జరుగుతుంది, కాబట్టి ఆ మాటకి పని దొరికింది.

కోనసీమ కోడలు:
పద్యం సంగతి మీరు చూసుకోండి, నేను గిన్నె సంగతి చెప్తాను. డబుల్ బాయిలర్ మీద, అంటే నీళ్ల గిన్నె మీద ఇంకో గిన్నె పెట్టి కరిగించేటప్పుడు, మూత వేయకూడదండీ, ఆవిరి మూతకి పట్టి చుక్కలై లోపలే పడుతుంది. కింది గిన్నెలో నీళ్లు పై గిన్నె అడుగుకి తగలకూడదు, నీళ్లు కాగాక స్టవ్ ఆపేసినా ఆ వేడికే కరుగుతుంది. ముద్దైపోయిందని పారేయొద్దు. గోరువెచ్చని పాలు ఒక్కో చెంచా వేస్తూ కలిపితే మళ్లీ నున్నగా వస్తుంది. ఇక అది పైపూతకి పనికిరాదు గానీ మిల్క్‌మెయిడ్ బదులు కేకు పొడిలో కలుపుకోవడానికి భలేగా ఉంటుంది.

గోదారి గట్టు:
అంటే ఆ పద్యంలో పాకం ఉండ పైకి ఎక్కలేదు, లోపలికి పోయింది 😀

ముమ్మిడివరం ముచ్చట్లు:
నేను "కాచు" ని కాపలా అనే అర్థంలో తీసుకున్నానండి.

*చీమ చేరకుండ చెల్లిని కాపుంచ*
*పళ్లెరమున పేర్చి ఫ్యాను కింద*
*ఉండమీద పూత యొప్పుగా నరగంట*
*కరగి గట్టిపడెను కాచినంత*

కోనసీమ కోడలు:
మే నెలలో ముమ్మిడివరంలో ఫ్యాను కింద చాక్లెట్ గట్టిపడిందంటే మీ ఇంట్లో ఏసీ ఉందని అర్థం. కోకో వెన్న కరిగేది 34 డిగ్రీల దగ్గర, మన మధ్యాహ్నాలు అది దాటి ఎక్కడికో పోతాయి. కాంపౌండ్‌లో కోకో వెన్న బదులు వేరే నూనెకొవ్వు ఉంటుంది కాబట్టి కాస్త ఓర్చుకుంటుందేమో గానీ ఆరదు. అసలు చాక్లెట్ అయితే ఇంకో గొడవ: కరిగించాక సరైన వేడికి, డార్క్ అయితే సుమారు 31–32 డిగ్రీలకి, తిప్పుతూ దించకపోతే ఆరాక తెల్లటి చారలు తేలుతాయి, మెరుపు ఉండదు. ఇంటికి కాంపౌండే హాయి.

పాలకొల్లు పంతులు:
ఛందస్సు పరంగా తప్పు లేదు. రెండో పాదం చివర విసంధి (సంధి చేయాల్సిన చోట చేయకపోవడం) ఉంది, వాడుక పద్యమని వదిలేద్దాం. నా గొడవ "అరగంట" తో. అరగంట ఒకచోట, కాచినంత ఇంకోచోట, మధ్యలో కరగి గట్టిపడింది. దూరాన్వయం. మొదటి పాదంలో కాపుంచి చివర మళ్లీ కాచారు, అది పునరుక్తి.

ముమ్మిడివరం ముచ్చట్లు:
సరే, ఫ్యాను తీసేశాను.

*అన్న తినకయుండ నమ్మమ్మ కాపుండ*
*పెట్టి పళ్లెరమును ఫ్రిజ్జులోన*

తర్వాతి రెండు పాదాలూ అవే. ఫ్రిజ్‌లోకి చీమ రాదు కదా అని అన్నని తెచ్చాను.

రాజోలు రవ్వలడ్డు:
అమ్మమ్మ కాపలా ఉంటే అన్నకి ముందే రెండు ముట్టుతాయి, అది అందరికీ తెలిసిందే.

పాలకొల్లు పంతులు:
మొదటి పాదం ఈసారి ప్రాణంతో ఉంది. కానీ ఫ్రిజ్‌లో "కరగి" ఏంటండీ బాబూ? ముందే కరిగిందని చదివేవాడే ఊహించుకోవాలి. సగం పని పాఠకుడి మీద వేశారు.

అంబాజీపేట రైతు:
నాకు ట్రఫుల్ చేయడం రాదు. చాక్లెట్ పుట్టేచోటు తెలుసు. "కాచు" అంటే మాకు చెట్టు కాయడమే.

*కొబ్బరుల నడుమను కోకోను నాటగా*
*ధరలు లేక రైతు తల్లడిల్లె*
*పిందె రాలినపుడు బెంగతో నాగుండె*
*కరగి గట్టిపడెను కాచినంత*

గోదారి గట్టు:
ఇది చదివి కాసేపు ఏం రాయాలో తోచలేదు. కరిగింది గుండె, గట్టిపడింది గుండె, కాచింది చెట్టు. సమస్యలో ఒక్క అక్షరం కదపకుండా మొత్తం తోటకి తీసుకుపోయారు.

ఏలూరు కాలవ:
పద్యం గొప్పగా ఉంది, కానీ అన్నగారూ, మీరే రైతు కాబట్టి అడుగుతున్నాను, కోకో పిందె రాలుతుందా? మా పెదవేగి వైపు తోటల్లో పిందె ఎండి నల్లబడి మాను మీదే అతుక్కుని ఉంటుంది, రాలదు.

అంబాజీపేట రైతు:
నిజమే తమ్ముడూ. మామిడి అలవాటు చేతిలోకి వచ్చేసింది. "పిందె యెండినపుడు" అంటే సరిపోతుందా?

పాలకొల్లు పంతులు:
సరిపోవడమేంటి, గణం అక్షరం తేడా లేకుండా కూర్చుంది. అర్థం కూడా పెరిగింది. రాలిపోతే కంటికి కనబడదు, ఎండి చెట్టు మీదే ఉంటే రోజూ చూడాలి. బెంగకి అదే తగిన మాట. అయితే రెండో పాదంలో ధర, మూడో పాదంలో పిందె, రెండు బాధలు పోటీపడుతున్నాయి. 2024లో ప్రపంచ మార్కెట్లో టన్ను పది వేల డాలర్లు దాటి, ఆ తర్వాత ధర దిగిపోయింది కాబట్టి ఆ బాధ తెలుసు, కానీ నాలుగు పాదాల్లో ఒక బాధే పడుతుంది. పైగా రైతు తల్లడిల్లె అని మొదలుపెట్టి నాగుండె అన్నారు, ఎవరి గుండో తేల్చండి.

రాజోలు రవ్వలడ్డు:
వస్తువు ట్రఫుల్స్ అన్నారు, ఉండ ఎక్కడుంది ఇందులో? నేను అసూయతో అడుగుతున్నానని అనుకున్నా పర్లేదు.

కొత్తగా చేరాను:
నాది మొదటి ప్రయత్నం. "కేకు పొడి చేసి పాలు పోసి కలిపి" అని మొదలుపెడితే మా నాన్న గణాలు కుదరలేదన్నారు.

పాలకొల్లు పంతులు:
నాన్నగారు చెప్పింది నిజం. "కేకు" సూర్యగణం, బాగుంది. తర్వాత "పొడిచే" లఘువు, లఘువు, గురువు. పాదం మొదట్లో రావలసిన సూర్యగణం అంటే గలమో (గురువు, లఘువు) నగణమో (మూడు లఘువులు), అంతే. "చిదిమి" అనండి, మూడూ లఘువులే. పాలు పోయడం కూడా తగ్గించండి, చేయి జారితే ఉండ కాదు, సంగటి అవుతుంది.

కొత్తగా చేరాను:
*కేకు చిదిమి పాలు కెలికి ముద్దగ చేసి*
*ఉండలన్ని చుట్టి యొద్దికగను*
*ముంచి తీయగానె ముద్దుగా చాక్లెట్టు*
*కరగి గట్టిపడెను కాచినంత*

గోదారి గట్టు:
చూశారా, "కాచినంత కరగి, ముంచి తీయగానె గట్టిపడెను" అని అన్వయించుకుంటే విరోధం దానంతట అదే విడిపోతుంది. శ్లేష లేదు, విరుపు లేదు, వంట చేసే వరసలోనే పద్యం నడిచింది. చల్లటి ఉండ వేడి పాకంలో మునిగితే పూత నిజంగానే క్షణాల్లో బిగుస్తుంది. "ముద్దుగా" ఒక్కటే యతి కోసం వచ్చింది.

కోనసీమ కోడలు:
ఉండని మరీ రాయిలా గడ్డకట్టించి ముంచొద్దని మాత్రం చెప్పండి అమ్మాయికి. లోపలిది వేడెక్కుతూ ఉబ్బితే పైపూత పగులుతుంది.

కొత్తగా చేరాను:
అబ్బాయినండి 🙂 పగిలాయి, అవి మేమే తినేశాం.

గోదారి గట్టు:
ఈ వారం మొదటి స్థానం కొత్త అబ్బాయికే. రైతుగారి పద్యం దానికంటే పెద్ద పద్యం, అందులో నాకు అనుమానం లేదు, కానీ అడిగిన వస్తువు మీద లేదు, నియమం నేనే పెట్టాను కాబట్టి నేనే తప్పలేను. రెండో పాదం మార్చి మళ్లీ పెట్టమని రైతుగారికి మనవి.

ముమ్మిడివరం ముచ్చట్లు:
ఇవి హైదరాబాద్‌లో మా అక్కకి కొరియర్ చేయొచ్చా?

కోనసీమ కోడలు:
ఈ ఎండల్లో వద్దండీ. పైగా కేకులో ఫ్రెష్ క్రీమ్ ఉంటే ఫ్రిజ్‌లోనే రెండు మూడు రోజులకి మించి ఉంచకూడదు. అక్కకి పూతరేకులు పంపండి.