లంకల్లో వరద సాయం పంచే ముందు మీటింగ్ పెట్టడం సబబేనా?

ప్రశ్న: రాజోలు_యూత్

అందరికీ వందనాలండి. మాది రాజోలు వైపు చిన్న చర్చి సంఘం, డెబ్బై కుటుంబాల దాకా ఉంటాం. సగంమంది కూలి పనులకు వెళ్లేవాళ్లే, నాలుగిళ్లకో ఇంట్లో ఎవరో ఒకరు కువైట్‌లోనో దుబాయ్‌లోనో ఉంటారు. మొన్న ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరికి రెండో ప్రమాద హెచ్చరిక ఇచ్చిన రాత్రే మా అవతలి లంకలోకి (ఏటి మధ్య దిబ్బ మీది ఊళ్లోకి) నీళ్లు ఎక్కేశాయి. మా ఇళ్లకి ఏమీ కాలేదు, వాళ్లవి మునిగాయి, మధ్యలో ఉన్నది ఒక్క గట్టే. చూసి ఊరుకోలేక యవ్వనస్థులం పదకొండుమందిమి ఇంటింటికీ తిరిగాం. ఒక మామ్మగారు పింఛను డబ్బుల్లోంచి రెండొందలు తీసి చేతిలో పెట్టారు, వద్దన్నా వినలేదు. అలా డబ్బు, బియ్యం కలిపి నూట యాభై కుటుంబాలకు సరిపడా అయింది.

ఇప్పుడు అసలు సంగతి. మా పెద్దలు గట్టు మీద షామియానా వేసి, ముందు పాటలు, ఒక గంట వాక్యం (బైబిలు ప్రసంగం) పెట్టి, ఆ తర్వాత టోకెన్ల వారీగా పిలిచి ఇద్దామంటున్నారు. సిటీలో ఉన్న ఒక క్రైస్తవ మినిస్ట్రీ వాళ్లు ఇంకో వంద బియ్యం సంచులు ఇస్తామన్నారు గానీ, బ్యానర్ ముందు ఒక్కో కుటుంబాన్నీ నిలబెట్టి ఫోటో తీసి పంపాలట. లిస్టులో కూడా మొదట మన విశ్వాసులు, మిగిలితే వేరేవాళ్లు అని ఒక మాట నడుస్తోంది. నాకు ఇదంతా మనసుకి పట్టడం లేదు, కానీ పెద్దల ముందు ఎలా చెప్పాలో తెలియట్లేదు. మీలో ఈ పని చేసినవాళ్లు, సాయం అందుకున్నవాళ్లు ఉంటే చెప్పండి. ఏమేం పట్టుకెళ్లాలో కూడా చెప్పండి. ఇంకో విషయం, డాలస్‌లో ఉన్న మా పెదనాన్నగారి అబ్బాయి సంఘం అకౌంటుకి డబ్బు వేస్తానంటున్నాడు, తీసుకోవచ్చా?

జవాబు: లంక_ఆడపడుచు

తమ్ముడూ, నేను అందుకున్న మనిషినే, అందుకే రాస్తున్నాను. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చింది కదా, అప్పుడు మా ఇంట్లో కిటికీ సగం దాకా నీళ్లు. మేము చర్చికి వెళ్తాం. మా పక్కింటి పిన్నిగారు అమ్మవారిని కొలుస్తారు. ఆవిడది డాబా, మాది రేకుల ఇల్లు. మూడు రోజులు మా అత్తగారితో సహా ఐదుగురం ఆవిడ డాబా మీదే ఉన్నాం, ఆవిడ స్టవ్ మీదే వండుకున్నాం, ఆవిడ బియ్యమే తిన్నాం. నీళ్లు తీశాక ఒక సంస్థ వాళ్లు వచ్చారు. లిస్టులో మా పేరు ఉంది, ఆవిడ పేరు లేదు. నేను సంచి భుజాన పెట్టుకుని ఆవిడ గుమ్మం ముందునుంచే ఇంటికి రావాలి, వేరే దారి లేదు. ఆవిడ ఏమీ అనలేదు, వాకిట్లో బురద పారతో లాగుతూ నావైపు చూసి మళ్లీ పనిలో పడిపోయారు. ఆ సాయంత్రం సగం బియ్యం గిన్నెలో పోసుకుని వెళ్లి ఇచ్చాను. తీసుకున్నారు, కానీ ఆ రోజు నేను పడ్డ సిగ్గు ఇప్పటికీ పోలేదు.

కాబట్టి లిస్టు అనేది రాస్తే ఊరంతా రాయండి. మీ దగ్గరున్నది చాలకపోతే ఒక్కొక్కరికి తగ్గించి ఇవ్వండి, అంతేగానీ గుమ్మాలు ఎంచకండి.

మీటింగ్ గురించి కూడా చెప్తాను. నీళ్లు తీసిన రోజు ఇల్లు ఎలా ఉంటుందంటే, మోకాలి కింద దాకా ఒండ్రు, మంచం కింద చచ్చిన చేపలు, బియ్యం డబ్బా మూత ఊడి లోపల బియ్యం ఉబ్బి పులిసిన కంపు, పిల్లల పుస్తకాలు దండెం మీద క్లిప్పులు పెట్టి ఆరేసుకోవడం. ఒండ్రు తడిగా ఉన్నప్పుడే లాగేయాలి, ఎండిందంటే గడ్డపారకి కూడా రాదు. అలాంటప్పుడు ఒక ఆడమనిషిని రెండు గంటలు షామియానా కింద కూర్చోబెడితే ఆమె కూర్చుంటుంది, ఎందుకంటే టోకెన్ చేతిలో ఉంది. మనసు మాత్రం ఇంట్లో బురద మీదే ఉంటుంది. నేను దేవుణ్ణి నమ్మిన దాన్నే, ఆ రోజు వాక్యం ఒక్క ముక్క కూడా నా చెవిన పడలేదు.

జవాబు: సువార్త_సేవకుడు

అక్కా, మీ బాధ అర్థమైంది, లిస్టు విషయంలో మీ మాటే కరెక్టు. కానీ ప్రార్థన చేయడమే తప్పన్నట్టు మాట్లాడితే నాకు కష్టంగా ఉంది. మేము ఇచ్చేది మా విశ్వాసం వల్లే ఇస్తున్నాం. ఆ మామ్మగారు పింఛనులోంచి రెండొందలు ఇచ్చింది ఎవరి పేరు మీద? ఆ పేరు చెప్పకుండా ఎలా ఉంటాం? ఆకలి తీర్చి ఆత్మ సంగతి వదిలేస్తే సగం పనే చేసినట్టు కాదా? నేను వాదన కోసం అనట్లేదు, నిజంగానే అడుగుతున్నాను.

జవాబు: నరసాపురం_కాంపౌండర్

బాబూ, నేను ముప్పై ఏళ్లు మిషన్ ఆస్పత్రిలో పనిచేసి రిటైరైన వాణ్ణి, మీ ఇద్దరికీ కలిపి చెప్తాను, కొంచెం పెద్దదవుతుంది.

మన సంఘాల్లో ఒంగోలు మిషనరీ క్లౌ దొరగారి కథ తరచూ చెబుతారు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మాలు జరిగాయని. ఆ సంఖ్య అందరికీ కంఠతా వచ్చు. దాని ముందు జరిగింది మాత్రం ఎవరూ చెప్పరు. 1876 నుంచి 78 దాకా పెద్ద కరువు. ఒంగోలులో ఉన్న ఆయన బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకి ఊరికే పంచకుండా పని ఇచ్చి కూలి ఇచ్చాడు. కరువు సాయం నడిచినంత కాలం, బాప్తిస్మం ఇమ్మని జనం వచ్చి అడిగినా ఇవ్వలేదు. ఏడాది పైనే ఆపాడు. తిండి కోసం వస్తున్నారో విశ్వాసంతో వస్తున్నారో అప్పుడు తేల్చుకోలేం అని. సాయం ముగిసిపోయి, ఇంక ఇవ్వడానికి చేతిలో ఏమీ లేదని తెలిశాకే మొదలుపెట్టాడు. ఆ 2,222 మందికి విలువ వచ్చింది ఆ ఆపడం వల్లే అని నా నమ్మకం. బియ్యం కోసం మతం పుచ్చుకున్నారు అని మనవాళ్లని ఇప్పటికీ ఒక మాట అంటారే, అది వినే ప్రతిసారీ నాకు ఈ సంగతి గుర్తొస్తుంది. బియ్యం సంచి పక్కన వాక్యం పెడితే ఆ మాట అనేవాళ్లకి మనమే సాక్ష్యం ఇచ్చినట్టు.

కనుక సేవకుడు తమ్ముడు అడిగినదానికి నా సమాధానం ఇదీ: పేరు చెప్పు, ఎవరు మీరు అని అడిగితే ఫలానా సంఘం వాళ్లం అని దాచకుండా చెప్పు. ఒక తల్లి నాకోసం ప్రార్థన చెయ్యి నాయనా అంటే అక్కడే బురదలో నిలబడి చెయ్యి. ఆమె అడిగాక చెయ్యి, ఆమె చేతిలో టోకెన్ లేనప్పుడు చెయ్యి.

1996 నవంబరు 6 రాత్రి తుపాను మీలో చాలామందికి తెలియదు. కాకినాడకి దక్షిణాన తీరం దాటింది, కోనసీమలో కొబ్బరి చెట్టు అన్నది నిలబడలేదు. బలుసుతిప్ప, భైరవపాలెం వైపు వేటకి వెళ్లినవాళ్లు చాలామంది తిరిగి రాలేదు. మేం మందులు, బ్యాండేజీలు పట్టుకుని వెళ్లాం. కట్లు కట్టడం నాలుగైదు రోజుల్లో అయిపోయింది. అసలు పని ఆ తర్వాతే మొదలైంది. భర్త శవం దొరకలేదు, దొరకలేదు కాబట్టి చనిపోయినట్టు కాగితం ఇవ్వరు, కాగితం లేదు కాబట్టి పరిహారం రాదు. ఒకామె ఒడిలో చంటిపిల్లతో ఒక ఆఫీసు వరండాలో కూర్చుని, సాయంత్రం దాకా ఎవరూ పిలవక, మర్నాడు మళ్లీ అక్కడికే వచ్చి కూర్చుంది. మా మిషన్‌లో పనిచేసే ఇద్దరు టీచర్లు నెలల తరబడి అలాంటి వాళ్లకి అర్జీలు రాసి, సాక్షుల్ని వెంటబెట్టుకుని తిరిగారు. వాళ్లు చేసింది ఎవరి ఫోటోలోనూ లేదు. నన్నడిగితే మేం చేసినదాంట్లో అదే పెద్ద సేవ. మీ పదకొండుమందిలో చదువుకున్న పిల్లలుంటే తడిసిపోయిన ఆధార్, రేషన్ కార్డు, పాస్ పుస్తకం మళ్లీ తీయించే పని పెట్టుకోండి.

ఊరికే ఇవ్వడం కన్నా పని ఇవ్వడం ఎంత సాయమో మా ఇంట్లోనే చూశాను. మా అమ్మ లేసు అల్లేది. ఆ అల్లిక ఈ ప్రాంతానికి పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీల ద్వారానే వచ్చింది, 2024లో నరసాపురం లేసుకి జీఐ (భౌగోళిక) గుర్తింపు కూడా ఇచ్చారు. కూలి మాత్రం మా అమ్మ కాలంలోనూ తక్కువే, ఇప్పుడూ తక్కువే. అయినా వరదొచ్చి పొలం పని పోయిన నెలల్లో మా ఇల్లు నడిచింది ఆ సూది మీదే.

జవాబు: గట్టు_మీద

నేను ఒక లంక గ్రామంలో సచివాలయం ఉద్యోగిని, ఊరు పేరు చెప్పలేను. వరద డ్యూటీ నాలుగేళ్లుగా చేస్తున్నాను కాబట్టి సరుకుల సంగతి చెప్తా.

మొదటి మాట, గవర్నమెంటు బియ్యం ఇస్తుంది. 2022లో కుటుంబానికి 25 కేజీల బియ్యం, కందిపప్పు, నూనె, ఉల్లిపాయలు, బంగాళాదుంపలు, రెండు వేలు డబ్బు ఇచ్చారు. అందుకని బియ్యం మీద బియ్యం తేకండి. రాని వస్తువులు వేరే ఉన్నాయి. ఆడవాళ్లకి ప్యాడ్లు, కొత్త లోదుస్తులు, నైటీలు. ఒక్కరు కూడా తీసుకురారు, అడగడానికి వాళ్లకి సిగ్గు. టార్చిలైట్లు చాలా అవసరం, ఎందుకంటే కరెంటు లేని చోట పాములన్నీ ఇళ్లలోకి, అటకల మీదకి ఎక్కుతాయి. బరకాలు, చాపలు, దోమల చక్రాలు, క్లోరిన్ మాత్రలు (ప్యాకెట్ మీద ఎన్ని లీటర్లకి ఒకటో చదివి చెప్పి మరీ ఇవ్వండి, ఊరికే ఇస్తే మింగేసిన వాళ్లని చూశాను), ఓఆర్ఎస్ ప్యాకెట్లు. పశువులున్న ఇంటికి ఎండుగడ్డి. వాములన్నీ తడిసి కుళ్లిపోతాయి, గేదె రెండు రోజులు మేత లేకపోతే పాలు ఎండిపోతాయి, ఆ పాల మీదే ఆ ఇల్లు బతుకుతుంది. పారలు, ఇనప తట్టలు, బ్లీచింగ్ కూడా.

పాత బట్టలు దయచేసి వద్దు. ప్రతి ఏడూ గట్టు మీద గుట్టలుగా పోసి వెళ్లిపోతారు, చిరిగినవి, జిప్పు లేనివి, వర్షానికి తడిసి ముద్దైపోతాయి, చివరికి మా పారిశుద్ధ్య కార్మికులే ఎత్తాలి.

రెండో మాట ఇంకా ముఖ్యం. వ్యాన్ ఎక్కడిదాకా వెళ్తుందో అక్కడిదాకానే సాయం వెళ్తోంది. కాజ్‌వే ఇవతల ఉన్న ఊరికి ఒకే రోజు మూడు బృందాలు వస్తాయి, పడవెక్కి అవతలికి పోవాల్సిన పేటకి ఒక్కరూ రారు. వెళ్లే ముందు వీఆర్వో గారినో పంచాయతీ సెక్రటరీ గారినో అడగండి, ఎవరికి ఏం అందలేదో వాళ్ల దగ్గర ఉంటుంది. పడవకి లైఫ్ జాకెట్లు ఉంటేనే ఎక్కండి. ఉద్ధృతి ఉన్నప్పుడు నాటు పడవలో సంచులు వేసి దాని మీద మనుషులు కూర్చోవడం మాత్రం వద్దే వద్దు.

జవాబు: లెక్కల_మాస్టారు

డబ్బు గురించి అడిగారు కాబట్టి అంతవరకే. మీ అన్నయ్యకి ఇంకా ఇండియన్ పాస్‌పోర్టే ఉండి, తన సొంత సంపాదనలోంచి పంపితే అది విదేశీ విరాళం కింద రాదు, సంఘం తీసుకోవచ్చు, రసీదు ఇచ్చి పాస్‌పోర్ట్ కాపీ ఒకటి పెట్టుకోండి. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారతీయులకి ఇచ్చేది) ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ లేని సంఘం అకౌంటులోకి అది రాకూడదు. రిజిస్ట్రేషన్ ఉన్న పెద్ద సంస్థ ద్వారా తెప్పించుకుందాం అని ఎవరైనా అంటే, 2020 సవరణ తర్వాత అలా ఒక సంస్థ నుంచి ఇంకో సంస్థకి బదలాయించడం కూడా కుదరదు. చిన్న సంఘాలు ఇది తెలియక ఇరుక్కుంటున్నాయి. లెక్క మాత్రం పైసాతో సహా చర్చి గోడకి అతికించండి.

ఫోటోల గురించి ఒక్క మాట. 1994లో రెడ్‌క్రాస్, స్వచ్ఛంద సంస్థలు కలిసి రాసుకున్న నియమావళి ఒకటుంది. సాయం మతం చూసి ఇవ్వకూడదు, మత ప్రచారానికి వాడకూడదు, బాధితుల్ని గౌరవం గల మనుషులుగా చూపించాలి అని అందులో ఉంది. సిటీ మినిస్ట్రీ వాళ్లకి ఇది చూపించండి. సరుకు దించుతున్న ఫోటో, ఖాళీ అయిన వ్యాన్ ఫోటో, సంతకాల లిస్టు పంపితే దాతకి లెక్క చాలు. ముఖాలు అక్కర్లేదు.

జవాబు: రాజోలు_యూత్

అందరికీ చాలా థ్యాంక్స్ అండి. నిన్న రాత్రి కమిటీలో లంక అక్క రాసింది యథాతథంగా చదివి వినిపించాను. చదువుతుంటే మా స్త్రీల సమాజం వాళ్లు మొదట మాట్లాడారు, మీటింగ్ వద్దు, మేము కూడా పారలు పట్టుకుని వస్తాం అన్నారు. మా పాస్టర్‌గారు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత క్లౌగారి సంగతి నిజమేనా అని అడిగి, నేను ఎప్పుడూ ఆ సంఖ్యే చెప్పానురా అన్నారు. షామియానా మానేశాం. ముఖాల ఫోటోలు మేము పంపలేం అని సిటీ వాళ్లకి చెప్పేశాం, వాళ్ల వంద సంచులు రావు, పర్లేదు. అన్నయ్యకి అమెరికా పౌరసత్వం ఉందట, అందుకని సంఘానికి వద్దని చెప్పాను.

మా బియ్యంలో సగం తిరిగి అమ్మి టార్చిలైట్లు, ప్యాడ్లు, ఎండుగడ్డి కొన్నాం. ఇచ్చినవాళ్లందరినీ అడిగే చేశాం, మామ్మగారినైతే ఇంటికెళ్లి అడిగాం. సెక్రటరీ గారు అవతలి పేట పేరు చెప్పారు, అరవై రెండు ఇళ్లు, ఇంతవరకు ఎవరూ రాలేదట. రేపు పొద్దున్న ఆరింటికి పంటు (ఏరు దాటించే పెద్ద పడవ) దగ్గర కలుస్తున్నాం. లంక అక్కా, ఒక్కటి చెప్పండి, బురద లాగడానికి మామూలు పార నయమా, వెడల్పు పార నయమా? ఇంకా షాపు తెరిచే ఉంది, ఇప్పుడే వెళ్లి తెస్తాను.

జవాబు: లంక_ఆడపడుచు

వెడల్పుది తీసుకో తమ్ముడూ. నాలుగు కొబ్బరి మట్టలు కూడా పడెయ్, మూలల్లోకి పార పోదు. నీళ్లు తోడటానికి బకెట్లు మర్చిపోకండి.